అట్టలు వేసిన మనిషి - మార్టిన్ షార్ప్

తెలుగు పాఠకులకు అట్ట మీది బొమ్మ విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. చందమామ పోస్టులో వచ్చిన రోజున ఇంట్లో పిల్లల తగాదా కథ ముందు ఎవరు చదవాలన్న దాని కన్నా అట్ట ముందు ఎవరు చూడాలన్న దాని మీదే మొదలయ్యేది. వ.పా. అని పొట్టిగా సంతకం చేసే వడ్డాది పాపయ్యగారి (1921–1992) ముఖచిత్రాలు జాగ్రత్తగా విడదీసి, ఫ్రేము కట్టించి, దేవుడి పటాల పక్కన తగిలించుకున్న ఇళ్ళు ఎన్నో. బాపుగారు (1933–2014) అట్ట వేశారంటే లోపలేముందో తిరగేయకుండానే పుస్తకం కొన్నవాళ్ళున్నారు. ఇంత ప్రేమ ఉండి కూడా, చిత్రకళ గురించి గంభీరంగా మాట్లాడుకునే చోట వీళ్ళకి ఒక మెట్టు కింద పీట వేస్తాం. "ఆయన ఇలస్ట్రేటరండీ" అంటాం. అంటే సొంతంగా ఏదీ చెప్పలేదు, ఇంకొకరు చెప్పినదానికి బొమ్మ వేశాడని.

ఆస్ట్రేలియాలోనూ ఈ మెట్టు ఉంది. ఆ మెట్టు మీద యాభయ్యేళ్ళు గడిపిన చిత్రకారుడు సిడ్నీకి చెందిన మార్టిన్ షార్ప్ (1942–2013). నేను వృత్తి రీత్యా కంప్యూటర్ల మనిషిని, బొమ్మల గురించి చదువుకున్నవాణ్ణి కాను. కానీ ఈ నగరంలో ఇన్నేళ్ళుగా ఉంటున్నందుకు, అట్టల మీద చిన్నప్పటి నుంచీ మోజున్నందుకు, ఇతని గురించి మనవాళ్ళకి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఇతని గురించి వచ్చే రాతల్లో ఒక వరస కనిపిస్తుంది: లండన్‌లో రెండు గొప్ప రికార్డు అట్టలు వేశాడు, తిరిగొచ్చాక శక్తినంతా చెల్లాచెదురు చేసుకున్నాడు, మొదలుపెట్టినవి పూర్తి చెయ్యలేదు, అని. మొదటిది నిజమే. రెండోదాంట్లోనూ కొంత నిజం ఉంది. కానీ మొత్తం లెక్క అది కాదని నా అభిప్రాయం. షార్ప్ రెండు అట్టలు వేసి ఆగిపోలేదు. జీవితమంతా అట్టలే వేశాడు. అతని బలమూ అదే, హద్దూ అదే.

ముందు ఆ రెండు అట్టల సంగతి. షార్ప్ సిడ్నీలో కలిగిన కుటుంబంలో పుట్టాడు. 1963 ఏప్రిల్ ఒకటిన, సరిగ్గా ఫూల్స్ డే నాడు, రిచర్డ్ నెవిల్, రిచర్డ్ వాల్ష్‌లతో కలిసి 'ఓజ్' అనే వ్యంగ్య పత్రిక మొదలుపెట్టాడు. మరుసటి ఏడే అశ్లీలం కింద కేసు పెట్టి, ముగ్గురికీ జైలు శిక్ష వేశారు. అప్పీలులో అది కొట్టేశారు కాబట్టి సరిపోయింది. షార్ప్‌కి కేసు తెచ్చిపెట్టినవాటిలో ఒకటి, పార్టీల్లోకి పిలవకుండా వెళ్ళే కుర్రకారు ఎలా వాగుతారో వాళ్ళ భాషలోనే రాసి, వాళ్ళనే ఎగతాళి చేసిన కార్టూను. ఎగతాళి కోర్టుకి అర్థం కాలేదు, భాష మాత్రం వినబడింది.

1966లో లండన్ చేరాడు. ఒక రాత్రి క్లబ్బులో ఒక గిటారు వాయించే కుర్రాడు పరిచయమయ్యాడు. తనొక పాట రాశానని షార్ప్ అన్నాడు. తన దగ్గరొక బాణీ ఉంది, మాటల్లేవని ఆ కుర్రాడన్నాడు. షార్ప్ అక్కడే చేతులు తుడుచుకునే కాగితం మీద పాట రాసిచ్చాడు. ఆ కుర్రాడు ఎరిక్ క్లాప్టన్. గ్రీకు వీరుడు యులిసిస్ మీద ఆ పాట 'క్రీమ్' బృందం 1967 నాటి రికార్డు మీదకెక్కింది. ఆ తరవాత ఇద్దరూ చెల్సీలో 'ఫెజంట్రీ' అనే పాత భవనంలో ఒకే చోట కాపురం ఉన్నారు. క్రీమ్ రెండో ఆల్బమ్ 'డిస్రేలీ గేర్స్'కి అట్ట వెయ్యమని షార్ప్‌ని అడిగారు. ఆ పేరు ఎలా వచ్చిందో చెబితే మనవాళ్ళు నవ్వుకుంటారు. సైకిలుకుండే డెరైలర్ గేర్లని బృందంలో పనిచేసే మనిషొకడు నోరు తిరక్క, బ్రిటిష్ ప్రధాని డిస్రేలీ పేరు పెట్టి పలికాడట. అదే ఉంచేశారు.

ఆ అట్ట చూడండి. మధ్యలో ముగ్గురు సంగీతకారుల ముఖాలు, బాబ్ విటకర్ తీసిన ఫోటోల నుంచి కత్తిరించినవి. చుట్టూ విక్టోరియా రాణి కాలపు పుస్తకాల్లోంచి తెచ్చిన చెక్కడపు బొమ్మలు, పూలు, రెక్కలు. వాటి మీద మెరిసిపోయే గులాబీ, నారింజ రంగులు, చీకట్లో కూడా వెలుగుతాయేమో అనిపించే రకం. మొదటిసారి చూసినప్పుడు నాకు తట్టినది దసరా బొమ్మల కొలువు. కొలువులో అమ్మమ్మ నాటి కొండపల్లి బొమ్మ పక్కన మొన్న ఎగ్జిబిషన్‌లో కొన్న ప్లాస్టిక్ క్రికెటరు నిలబడతాడు. రాముడి ముందు రైలు బండి ఉంటుంది. ఎవరికీ తప్పనిపించదు, మెట్ల మీద పేర్చిన చెయ్యి వాటిని ఒక కుటుంబం చేస్తుంది. షార్ప్ చేసింది ఆ పనే. అందులో కాగితాల్లో చాలావరకు అతను గీసినవి కావు. పేర్చడం, రంగు, ఆ జోరు అతనివి. క్రీమ్ సంగీతమూ అటువంటిదే మరి. అమెరికా నల్లవాళ్ళ పాత బ్లూస్ పాటలు తీసుకుని, కరెంటు పెట్టి, ధ్వని పెంచి వాయించారు. పాతదాని మీద కొత్త వెలుగు వెయ్యడం అన్న సూత్రం సంగీతంలో ఏదో అట్టలోనూ అదే. అట్ట అంటే లోపలిదాన్ని పైకి తేవడమైతే ఇంతకన్నా నిజాయితీ అయిన అట్ట దొరకదు.

మరుసటి ఏడాది వచ్చిన 'వీల్స్ ఆఫ్ ఫైర్' దీనికి తిరగేసిన పని. రెండు రికార్డుల సెట్టు. పైన వెండి రేకు లాంటి కాగితం మీద నల్ల గీతలు, తెరిస్తే లోపల రంగుల సుడిగుండం. న్యూయార్కు ఆర్ట్ డైరెక్టర్ల బహుమతి 1969లో ఈ అట్టకే వచ్చింది. ఇవి కాక పోస్టర్లు. జుట్టంతా గుండ్రని చక్రాలుగా మారిపోయిన బాబ్ డిలన్. లిండా ఈస్ట్‌మన్ తీసిన ఫోటో ఆధారంగా, గిటారుతో సహా రంగులై పేలిపోతున్న జిమీ హెండ్రిక్స్. ఈ పోస్టర్లు అప్పట్లో ప్రపంచంలో ఎన్ని హాస్టలు గదుల గోడలకి ఉండేవో!

* * *

రికార్డు అట్టల మీద వింత లోకాలు అనగానే రాక్ సంగీతం వినేవాళ్ళకి వెంటనే గుర్తొచ్చే పేరు ఇంగ్లండుకి చెందిన రోజర్ డీన్. 'యెస్' బృందానికి గాలిలో తేలే కొండలు, వంపులు తిరిగిన రాతి వంతెనలు వేసినాయన. 'అవతార్' సినిమాలో లోకం తన బొమ్మల్లోంచి తీసుకున్నదేనని 2013లో జేమ్స్ కామెరాన్ మీద న్యూయార్కులో దావా కూడా వేశాడు. మరుసటి ఏడు కోర్టు దాన్ని కొట్టేసింది. డీన్ ఫిర్యాదు అర్థం చేసుకోదగ్గదే. తన లోకం తనది, దాన్ని ఎవరూ పట్టుకుపోకూడదు. షార్ప్ ఇక్కడే వేరు. అతనికి సొంత లోకమంటూ లేదు. ఎవరి లోకం నచ్చితే అందులోకి వెళ్ళి దీపాలు పెట్టి వచ్చాడు.

సిడ్నీ తిరిగొచ్చాక చేసిన పనులన్నీ ఈ మాటతో చూస్తే చెల్లాచెదురుగా కనిపించవు. వాన్ గో 1888లో దక్షిణ ఫ్రాన్సులో ఆర్ల్ అనే ఊళ్ళో పసుపు రంగు ఇల్లు అద్దెకి తీసుకుని, చిత్రకారులంతా కలిసి బతికే చోటు చేయాలనుకున్నాడు. గోగాఁ వచ్చి రెండు నెలలుండి పోట్లాడి వెళ్ళిపోయాడు. ఆ కల అక్కడితో సరి. షార్ప్ 1970ల మొదట్లో సిడ్నీ పాట్స్ పాయింట్‌లో, 59 మెక్లే వీధిలో, ఒక భవనానికి 'యెల్లో హౌస్' అని పేరు పెట్టి ఆ కలని మళ్ళీ మొదలుపెట్టాడు. బ్రెట్ వైట్లీ, పీటర్ కింగ్‌స్టన్, జార్జ్ గిటోస్ లాంటివాళ్ళు వచ్చి గోడలు, నేల, పైకప్పు అన్నీ బొమ్మలు చేశారు. బెల్జియం చిత్రకారుడు మాగ్రిట్ బొమ్మలో వస్తువులు ఒక గదిలో నిజంగా ఎదురయ్యేవి. గిటోస్ తోలుబొమ్మల లాంటి ఆటలు ఆడించేవాడు. కొన్నాళ్ళకే మూతబడింది. వాన్ గో కట్టలేకపోయిన ఇంటికి ఎనభై ఏళ్ళ తరవాత ఇంకొకడు వేసిన అట్ట అది.

1972లో వచ్చిన 'ఆర్ట్ బుక్' అనే చిన్న పుస్తకంలో ఈ పద్ధతి ఇంకా సూటిగా ఉంటుంది. ఒక మహా చిత్రకారుడి బొమ్మలోంచి మనుషుల్ని కత్తిరించి ఇంకొకరి బొమ్మలో అతికించాడు. మరుసటి ఏడు టిమ్ లూయిస్‌తో కలిసి వేసిన ఒక బొమ్మలో ఆండీ వార్హాల్ మార్లిన్ మన్రో, వాన్ గో పొద్దుతిరుగుడు పూలు ఒకే చోట చేరాయి. విమర్శకుడిగా ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ కత్తిరింపుల్లో అన్నీ ఒక ఎత్తున నిలవవు. కొన్ని మొదటి నవ్వుతో అయిపోతాయి. అసలు బొమ్మలు తెలియనివాడికి ఆ నవ్వు కూడా రాదు. తెలిసినవాళ్ళ మధ్య చమత్కారం లాంటిది, శ్లేష అర్థమైతేనే పద్యం. అదే మార్లిన్ బొమ్మ దగ్గర అలా కాదు. ఎండిపోయే పువ్వూ, మొహమే వ్యాపారమై తొందరగా రాలిపోయిన మనిషీ పక్కపక్కన నిలిచినప్పుడు, రెండు బొమ్మల్లోనూ అంతకుముందు లేని జాలి పుడుతుంది. ఎత్తుబడి నుంచి కళ వేరయ్యేది ఇక్కడేనని నాకనిపిస్తుంది. తీసుకున్నచోట ఏమైనా పెరిగిందా, లేదా? అంతే.

* * *

ఇక ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే సిడ్నీలో తెలుగువాళ్ళందరం తీసుకెళ్ళే చోటు. హార్బర్ బ్రిడ్జి ఉత్తరపు కొసన, మిల్సన్స్ పాయింట్‌లో, పెద్దగా నోరు తెరుచుకుని నవ్వే ముఖం కింద ద్వారం ఉన్న లూనా పార్కు. ప్రతి ఇంటి ఆల్బమ్‌లోనూ ఆ పళ్ళ కింద చీర మీద స్వెటరు వేసుకున్న ఒక అత్తగారో అమ్మగారో ఉంటారు. 1935లో తెరిచిన ఆ పార్కుకి చాలాకాలం బొమ్మలు వేసిన కళాకారుడు ఆర్థర్ బార్టన్. 1970లలో పార్కు వెలిసిపోతే, షార్ప్, కింగ్‌స్టన్ తదితరులు రంగులు మళ్ళీ వేసే పనికి పూనుకున్నారు. 1973లో ఆ ముఖాన్ని షార్ప్ కొత్తగా తీర్చాడు. ఇప్పుడు మనం ఫోటోలు దిగే ముఖం తరవాత 1990లలో చేసినది. చదువుకున్న చిత్రకారుడు తిరునాళ్ళ బొమ్మలకి రంగులేమిటని అప్పట్లో ఎవరైనా అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు. షార్ప్‌కి మాత్రం బార్టన్, వాన్ గో ఒకే బంతిలో కూర్చునేవాళ్ళు.

అదే కాలంలో అతని ఇంకో పిచ్చి టైనీ టిమ్. ఉకులేలే వాయిస్తూ కీచు గొంతుతో పాత పాటలు పాడే అమెరికన్ గాయకుడు. లోకం అతన్ని నవ్వులాటగా తీసుకుంది. షార్ప్ 1968లో లండన్‌లో అతని పాట విన్నప్పటి నుంచీ, మరుపున పడిన పాటలన్నీ గొంతులో దాచుకున్న మహానుభావుడిగా చూశాడు. 1979 జనవరిలో లూనా పార్కులోనే టైనీ టిమ్ రెండు గంటలకి పైగా ఆపకుండా పాడి రికార్డు పెట్టాడు. షార్ప్ దాన్ని సినిమా తీయించాడు.

అయిదు నెలల తరవాత, జూన్ 9 రాత్రి, లూనా పార్కులో ఘోస్ట్ ట్రెయిన్ తగలబడింది. ఏడుగురు చనిపోయారు. ఆరుగురు పిల్లలు, ఒక తండ్రి. విచారణలో కారణం తేలలేదు. పార్కు మూతబడింది.

షార్ప్ జీవితం గురించి ఏ తీర్పు చెప్పాలన్నా ఇక్కడ ఆగాలి. పిల్లల్ని రమ్మని పిలిచే ద్వారానికి రంగులు వేసిన చెయ్యి అతనిది. లోపల పిల్లలు కాలిపోయారు. బొమ్మ వేసినవాడికి దానితో సంబంధం లేదని మనం అనవచ్చు, అది సరైన మాటే. షార్ప్ అలా అనుకోలేకపోయాడు. అది ప్రమాదం కాదని అతని నమ్మకం. పార్కుని కాపాడమని మిత్రులతో కలిసి ఉద్యమం చేశాడు. మంటల గురించి ఏళ్ళ తరబడి కాగితాలు, టేపులు పోగు చేశాడు. టైనీ టిమ్ సినిమాలోకి ఈ మంటలూ వచ్చి చేరాయి. ఆ సినిమా అతను అనుకున్న చివరి రూపానికి ఎన్నడూ రాలేదు. ఆ కేసు మీద ఏబీసీ టెలివిజన్ 2021లో పెద్ద పరిశోధన ప్రసారం చేసేనాటికి షార్ప్ పోయి ఏడేళ్ళు దాటింది.

పూర్తి చెయ్యని మనిషి అన్న మాటకి ఇప్పుడు వద్దాం. మా సాఫ్ట్‌వేర్ పనిలో 'రిలీజ్' అనే తేదీ ఒకటుంటుంది. ఆ రోజుకి ఎంత బాగుంటే అంత, జనం చేతిలో పెట్టాల్సిందే. ఆ తేదీ లేని ప్రాజెక్టులు నాకు తెలుసు. తెలివైనవాళ్ళు చేస్తారు, రోజూ కొంచెం మెరుగవుతుంటాయి, ఎవరికీ అందవు. షార్ప్ అట్టలకి, నిమ్రాడ్ థియేటరు నాటకాలకి వేసిన పోస్టర్లకి తేదీ ఉండేది. రికార్డు అచ్చుకెళ్ళాలి, నాటకానికి తెర లేవాలి. అవి ఈనాటికీ కొత్తగా ఉన్నాయి. తేదీ లేని పెద్ద పెయింటింగులు బెల్వ్యూ హిల్‌లో 'విరియన్' అనే పెద్ద ఇంట్లో ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ దిద్దుకుంటూ కూర్చున్నాడు. ఆ ఇల్లు వారసత్వంగా వచ్చింది. ఈ మాట దాచకూడదు. గడువు లేకుండా బతకగలగడం అందరు కళాకారులకీ దొరికేది కాదు. వడ్డాది పాపయ్యగారికి నెల నెలా ముఖచిత్రం అందించాల్సిన గడువు ఉండేది. బాపుగారి బల్ల మీద ఎప్పుడూ ఎవరిదో ఒక పుస్తకం ఎదురు చూస్తూనే ఉండేది. మనవాళ్ళు వేలల్లో పూర్తి చేశారంటే వాళ్ళ శక్తి ఎంత ఉందో, నెలాఖరు ఇంటి ఖర్చూ అంత ఉందేమో.

అయినా గడువు లేకపోవడమే షార్ప్‌ని పాడు చేసిందని తేల్చెయ్యలేను. ఏడుగురి చావుకి రిలీజ్ తేదీ ఏమిటి? దాన్ని ఒక సినిమాగా ముగించి, పేర్లు వేసి, దీపాలు వెలిగించడం అతనికి చేతకాలేదు. అది కళాకారుడి వైఫల్యం కావచ్చు, మనిషి మర్యాద కూడా కావచ్చు. రెండూ ఒకే పనిలో ఉండవచ్చునని షార్ప్ దగ్గరే నాకు బోధపడింది.

అతను ఎన్నో ఏళ్ళు మోసిన ఇంకొక మనిషి ఆర్థర్ స్టేస్. తాగుబోతుగా బతికి, 1930లలో చర్చిలో ప్రసంగం విని మారి, 1967లో చనిపోయేదాకా తెల్లవారకముందే సిడ్నీ పేవ్‌మెంట్ల మీద సుద్దముక్కతో 'ఎటర్నిటీ' అన్న ఒకే ఒక్క మాట రాసుకుంటూ పోయిన పేదవాడు. ముప్పయ్యేళ్ళకి పైగా, లక్షలసార్లు రాశాడంటారు. వాన వస్తే పోయే రాత. ఆ వంపుల అక్షరాలని షార్ప్ తన పోస్టర్లలో, పెయింటింగుల్లో మళ్ళీ మళ్ళీ వేశాడు. వానకి పోని చోట పెట్టాడు. స్టేస్‌ని సిడ్నీ మరిచిపోకుండా చూసినవాళ్ళలో షార్ప్ ముఖ్యుడు. 2000వ సంవత్సరం వచ్చిన అర్ధరాత్రి హార్బర్ బ్రిడ్జి మీద ఆ చేతిరాతే దీపాలతో వెలిగింది. ప్రపంచమంతా టీవీలో చూసింది. అక్కడ షార్ప్ సంతకం లేదు.

అట్ట వేసినవాడి గొప్పతనం కొలవడానికి నాకు ఇంతకన్నా మంచి కొలత కనబడదు. లోపలున్నది ఇంకొకరిది. దాన్ని నలుగురూ చూసేలా చేసి, తను పక్కకి జరిగాడు. షార్ప్‌ని క్రీమ్ అట్టలతో మాత్రమే గుర్తుంచుకునేవాళ్ళు అతన్ని తక్కువ చేయడం లేదు గాని, ఆ అట్ట ఎంత పెద్దదో చూడటం లేదు. అందులో పాడుబడిన తిరునాళ్ళ పార్కు, నవ్వులపాలైన గాయకుడు, వాన్ గో కట్టలేకపోయిన ఇల్లు, సుద్దముక్క పట్టిన పేదవాడు అందరూ పట్టారు. కొన్ని కొసలు అతకలేదు. కొన్ని రంగులు ఎండలేదు.

ఇక్కడి సంస్థలు షార్ప్ బతికుండగానే అతని పని ఒకచోట చేర్చి చూపించాయి. 1990లో న్యూ సౌత్ వేల్స్ ఆర్ట్ గ్యాలరీ యెల్లో హౌస్ మీద, 2009లో మ్యూజియం ఆఫ్ సిడ్నీ షార్ప్ మీద ప్రదర్శనలు పెట్టాయి. ఆ ప్రదర్శనలో రికార్డు అట్ట గోడకెక్కింది, దాని పక్కన పేరు, ఏడు, ఏ రంగులతో చేశాడో రాసి ఉన్నాయి. మన ఇళ్ళల్లో పెట్టెల అడుగున, అటకల మీద, ఊళ్ళో మేనమామల బీరువాల్లో పాత యువలు, చందమామలు ఇంకా ఉన్నాయి. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు ఒకసారి దించి చూడండి. అట్ట చిరగకపోతే, మూలన ఉన్న సంతకం చదివి, ఎవరిదో, ఏ నెలదో వెనక పెన్సిలుతో రాసి పెట్టండి. ప్రదర్శన ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ముందు బొమ్మ ఎవరిదో తెలియాలి.